పాసుపుస్తకానికా, పాటుపడే చేతికా?

2018 మే 10న కరీంనగర్ జిల్లా హుజూరాబాద్‌లో రైతుబంధు మొదలైనప్పుడు మేము సంతోషించాము. విత్తనాలకు, ఎరువులకు వడ్డీవ్యాపారి గడప తొక్కకుండా, సాగుకు ముందే రైతు చేతికి డబ్బు అందడం మంచి ఆలోచన. పంటకు ఎకరాకు 4,000 రూపాయలుగా మొదలైన సాయం మరుసటి ఏడాది 5,000 అయింది. ప్రభుత్వం మారాక, 2025 జనవరి 26న రైతుభరోసా పేరుతో ఏడాదికి ఎకరాకు 12,000 అయింది. పేరు మారింది, మొత్తం పెరిగింది. డబ్బు వెళ్లే దారి మాత్రం మారలేదు. పాసుపుస్తకం ఎవరి పేరున ఉంటే వారి ఖాతాలోకే అది చేరుతోంది. 2023 ఎన్నికల్లో కౌలు రైతుకూ ఇస్తామన్నారు. పథకం మొదలైన రోజున అతనికి చోటు దొరకలేదు.

రైతుబంధుకు భూపరిమితి లేదు. ఊళ్లో ఇరవై ఎకరాలుండి నగరంలో ఉద్యోగం చేసుకునే యజమానికి ఏడాదికి 2 లక్షలు వచ్చేవి. అందులో ఐదెకరాలు కౌలుకు తీసుకొని పత్తి వేసినవానికి ఒక్క రూపాయి రాలేదు. పైగా కౌలు కట్టాలి. పాసుపుస్తకం లేకపోతే బ్యాంకులో పంటరుణం పుట్టడం కష్టం. రైతు చనిపోతే కుటుంబానికి 5 లక్షలిచ్చే రైతుబీమా కూడా పట్టాదారులకే. వాన తప్పితే నష్టం మాత్రం కౌలుదారుదే.

యజమానుల భయం మాకు తెలియనిది కాదు. 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారులకు భూమిపై హక్కులిచ్చింది. కౌలుదారు పేరు కాగితం మీదికెక్కితే పొలం చేజారుతుందన్న మాట ఊళ్లలో ఇప్పటికీ వినిపిస్తుంది. ఆ చిక్కు లేకుండానే సాయం అందాలని 2011లో ఉమ్మడి రాష్ట్రం భూ అధీకృత సాగుదారుల చట్టం తెచ్చింది. దాని కింద ఇచ్చే రుణ అర్హత కార్డుతో అప్పు పుడుతుంది, భూమిపై హక్కు రాదు. తెలంగాణలో ఆ చట్టాన్ని మూలన పడేశారు. ఆంధ్రప్రదేశ్ 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం చేసింది. అక్కడ కార్డు రావాలంటే యజమాని సంతకం కావాలి. ఆ సంతకం దగ్గరే చాలామంది ఆగిపోయారు.

ఆ సంతకం పెట్టవలసిన చెయ్యి ఎవరిది? ప్రియ పాఠకులారా, ఇక్కడ మనల్ని మనం పరీక్షించుకోవాలి. సికింద్రాబాదు సంఘాల్లో ఆదివారం మన పక్కన కూర్చునేవారిలో మెదక్‌లోనో, నల్గొండలోనో పొలం కౌలుకిచ్చి వచ్చినవారున్నారు. ఆ ఊరి చిన్న మందిరంలో, అదే ప్రభువు బల్ల దగ్గర, కౌలు రైతులూ కూలీలూ మోకరిస్తున్నారు. ఒకే శరీరంలోని అవయవాలమని చెప్పుకునే మనలో ఒకరి ఖాతాలో ఇంకొకరి చెమటకు రావలసిన డబ్బు పడుతోంది. ఇది చట్టప్రకారం నేరం కాదు. అంతమాత్రాన న్యాయమూ కాదు. పాటుపడి సేద్యం చేసేవానికే పంటలో మొదటి వాటా చెందాలని పౌలు తిమోతికి రాశాడు. పొలం గట్టున నిలబడినవానికి ఆ మాట ఆయన రాయలేదు.

ప్రభుత్వం కౌలుదారులను గుర్తించాలని మనం అడగవలసిందే. అయితే ప్రభుత్వం కదిలేదాకా చేతులు కట్టుకొని కూర్చోనక్కరలేదు. పొలం కౌలుకిచ్చిన విశ్వాసులు ఈ సాయాన్ని సాగుదారునికి అందించవచ్చు, లేదా కౌలులో అంత తగ్గించవచ్చు. కౌలు ఒప్పందాన్ని కాగితం మీద రాసివ్వవచ్చు. సంఘాల పేరున ఉండి కౌలుకిచ్చిన భూముల లెక్కను సంఘ పెద్దలే ముందు సరిచూడాలి. మా బంధువుల్లోనూ ఇలాంటి పొలాలున్నాయి గనుక ఈ మాట మొదట మాకే చెప్పుకుంటున్నాము.

ఈ వానాకాలం డబ్బు ఖాతాలో పడినట్టు ఫోనుకు సందేశం రాగానే ఒక్క ప్రశ్న వేసుకుందాం. ఈ ఏడాది ఆ పొలంలో నాగలి పట్టింది ఎవరు?