ఖరీదు కట్టని ముఖాలు

2025 సెప్టెంబరు 25న అక్కినేని నాగార్జున ఢిల్లీ హైకోర్టు మెట్లెక్కారు. తన పేరుతో, ఫొటోలతో టీషర్టులు అమ్ముకుంటున్నారని, కృత్రిమ మేధతో చేసిన వీడియోలు తిరుగుతున్నాయని, చివరికి అశ్లీల సైట్లు కూడా తన పేరు వాడుకుంటున్నాయని ఆయన మొరపెట్టుకున్నారు. అవన్నీ ఆపాలని జస్టిస్ తేజస్ కారియా ఆదేశించారు. అంతకు రెండు వారాల ముందే ఐశ్వర్యారాయ్, అభిషేక్ బచ్చన్ ఆ కోర్టులోనే ఇలాంటి ఉత్తర్వులు తెచ్చుకున్నారు. చిరంజీవి హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టును ఆశ్రయించగా, డిసెంబరులో జూనియర్ ఎన్టీఆర్, పవన్ కల్యాణ్ ఢిల్లీ దారే పట్టారు.

మనవాళ్లు అంత దూరం వెళ్లడానికి కారణం లేకపోలేదు. మేధా సంపత్తి వివాదాల కోసం ఢిల్లీ హైకోర్టు 2021లో ప్రత్యేక విభాగమే పెట్టుకుంది. తప్పు చేసింది ఎవరో తెలియకపోయినా అక్కడ దావా నిలుస్తుంది. ఆచూకీ లేని ఆ ప్రతివాదిని కాగితాల్లో ‘అశోక్ కుమార్’ అని రాసుకుంటారు. లింకులు మూయించాల్సిన టెలికాం శాఖ, ఐటీ శాఖ కూడా ఆ ఊళ్లోనే ఉన్నాయి. ఒక వీడియో తీయించేలోగా పది నకళ్లు పుట్టుకొస్తున్న రోజుల్లో ఆ వేగం అవసరమే.

తన రూపం మీద మనిషికి ఉండే హక్కు గురించి మనకు విడిగా చట్టం లేదు. ఒక్కో కేసు తీర్పుతో కోర్టులే దాన్ని పేర్చుకుంటూ వచ్చాయి. గాయకుడు దలేర్ మెహందీ పోలికలతో, ఆయన పాట ముక్కలు పాడే బొమ్మలు అమ్మిన దుకాణాల మీద 2010లో తీర్పు వచ్చింది. తర్వాత రెండేళ్లకు ముజఫర్‌నగర్ నగల వ్యాపారి కేసు తేలింది. తనిష్క్ ప్రకటన కోసం అమితాబ్, జయాబచ్చన్ దిగిన ఫొటోనే ఆయన తన హోర్డింగు మీదికి ఎక్కించుకున్నాడు. దారినపోయేవాళ్లకు అది చాలు, బచ్చన్ దంపతులే ఈ కొట్టుకు ప్రచారం చేస్తున్నారనుకోవడానికి. తన రూపాన్ని ఎప్పుడు, ఎక్కడ, ఎలా వాడాలో నిర్ణయించుకునే అధికారం ఆ మనిషిదేనని ఢిల్లీ హైకోర్టు అప్పుడు తేల్చిచెప్పింది. 2022లో అమితాబ్ మళ్లీ వచ్చింది కౌన్ బనేగా కరోడ్‌పతి పేరిట సాగుతున్న నకిలీ లాటరీల మీద. ఆ కేసులో పరువు అమితాబ్‌దే అయినా, పోయే డబ్బు ఆయన్ని నమ్మినవాళ్లది. అందుకే ఈ ఉత్తర్వులను తారల గొప్పలకు ముడిపెట్టి కొట్టిపారేయడం సరికాదు.

అలాగని ఈ హక్కుకు గట్లు లేకుండా పోకూడదు. మన నేల మీద నేరెళ్ల వేణుమాధవ్ ధ్వన్యనుకరణను కళగా నిలబెట్టి, పద్మశ్రీ దాకా తీసుకెళ్లారు. ఎందరో నటుల గొంతులు ఆయన గొంతులో పలికాయి. విన్నవాళ్లు మురిసిపోయారే తప్ప మోసపోయినవారు లేరు. ఆ తేడా న్యాయమూర్తులకు తెలుసు. హాస్యాన్ని, వ్యంగ్యచిత్రాన్ని ఈ హక్కు పేరుతో అణచకూడదని దలేర్ మెహందీ తీర్పులోనే హెచ్చరిక ఉంది. 2024 మేలో జాకీ ష్రాఫ్ కేసులో జస్టిస్ సంజీవ్ నరులా ఆయన పేరు, గొంతు వాడి వ్యాపారం చేస్తున్నవారిని ఆపారు. ఒక యూట్యూబర్ చేసిన సరదా వీడియోను మాత్రం అప్పటికప్పుడు తీయించడానికి ఒప్పుకోలేదు. ఆ జాగ్రత్త ఎప్పటికీ ఉండాలి.

మనసులో మెదిలే బాధ మరొకటి ఉంది. 2023 నవంబరులో రష్మిక మందన్న వీడియో ఒకటి దేశమంతా తిరిగింది. నల్లదుస్తుల్లో లిఫ్టులోకి వస్తున్న యువతి శరీరం బ్రిటన్‌లో ఉండే మరొకరిది, దాని మీద అతికించిన ముఖం రష్మికది. ఢిల్లీ పోలీసులు కేసు పెట్టి, రెండు నెలలు వెతికి, 2024 జనవరిలో గుంటూరు ప్రాంతం నుంచి ఒక ఇంజినీరింగ్ పట్టభద్రుడిని పట్టుకున్నారు. పోలీసుల మాట ప్రకారం, రష్మిక అభిమానుల పేజీ నడుపుతూ ఫాలోవర్లను పెంచుకోవడానికి ఆ పని చేశాడు. ఇదే తనకు స్కూల్లోనో కాలేజీలోనో ఉన్నప్పుడు జరిగి ఉంటే ఎలా తట్టుకునేదాన్నో ఊహించలేనని రష్మిక అప్పుడు అన్నారు. తన బాధలో ఉండి కూడా ఆమె ఆలోచన ఊరూపేరూ లేని అమ్మాయిల మీదికి వెళ్లింది. ఆ వీడియోలో శరీరం ఎవరిదో ఆ యువతి సంగతి మనలో ఎంతమంది పట్టించుకున్నాం?

ఢిల్లీలో సాధారణంగా 2 కోట్ల రూపాయలకు మించి విలువ కట్టిన దావాయే నేరుగా హైకోర్టులో పడుతుంది. సినిమా తారకు తన ముఖం విలువ చూపించడం కష్టం కాదు, ప్రకటనల ఒప్పందాలే సాక్ష్యం. అక్కడే హాస్టల్లో ఉండి చదువుకునే తెలుగు పిల్ల తన ముఖానికి 2 కోట్లని ఏ లెక్కన రాస్తుంది? జిల్లా కోర్టుకు వెళ్లొచ్చు, పోలీసులకు చెప్పుకోవచ్చు. మార్చిన ఫొటో గురించి బాధితులు ఫిర్యాదు చేస్తే 24 గంటల్లో తొలగించాలని 2021లో వచ్చినప్పుడే ఐటీ నిబంధనల్లో రాశారు. కాగితం మీద ఆ పిల్లకూ, నాగార్జునకూ తేడా లేదు. కానీ ఫిర్యాదు పెట్టాక ఫోను పట్టుకుని, ఇంట్లో తెలిస్తే ఏమవుతుందోనని కూర్చున్న పిల్లకు ఒక్కో గంటా ఎంత కాలమో ఆ పిల్లకే తెలుసు.

2017లో గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించిన పుట్టస్వామి తీర్పులో జస్టిస్ సంజయ్ కిషన్ కౌల్ ఒక మాట రాశారు: అనుమతి లేకుండా తన పేరునూ రూపాన్నీ ఇతరులు వ్యాపారానికి వాడుకోకుండా అడ్డుకునే వీలు మనిషికి ఉండాలని. ఆ మాట పుట్టింది ఆత్మగౌరవం నుంచి. ఆ గౌరవం మార్కెట్ ధరను బట్టి పెరిగేదీ తరిగేదీ కాదు. డెన్మార్క్ 2025లో ఈ దారినే ప్రతిపాదన తెచ్చింది. ముఖం, గొంతు మీద హక్కును ప్రతి పౌరుడికీ ఇవ్వాలన్నది దాని సారం. మన పార్లమెంటు ఇలాంటి చట్టం చేసే రోజు వస్తే, ఫిర్యాదుదారు ఎంత ప్రసిద్ధులో అడిగే సెక్షన్ అందులో ఉండకూడదు. ముఖం ఎవరిది, అనుమతి ఉందా, ఎన్ని గంటల్లో తీసేశారు అని అడిగితే చాలు.