విశ్వవిద్యాలయ సభల రికార్డులు

విశ్వవిద్యాలయములలో సభలు జరుగుచున్నవి. తీర్మానములు పుట్టుచున్నవి. వాని ఫలితము విద్యార్థుల రుసుములలోను, అధ్యాపకుల నియామకములలోను కనబడుచున్నది. కాని యా తీర్మాన మేల పుట్టెనో, ఎవరు వలదనిరో, ఏ కాగితము ముందుంచుకొని నిర్ణయించిరో పదియేండ్లు గడచిన పిమ్మట అడిగినచో చెప్పువారు తరచుగా దొరకరు. ఇది గుమాస్తాల వ్యవహారమని కొందఱు తలంచుచున్నారు. మే మట్లు తలంపజాలము.

ఆంధ్ర విశ్వవిద్యాలయ చరిత్రమునే చూడుడు. 1926వ సంవత్సరమున మద్రాసు రాష్ట్ర చట్టముచే బెజవాడలో వెలసిన యా సంస్థ 1930లో వాల్తేరు చేరెను. ప్రధానస్థానము బెజవాడయా, రాజమహేంద్రవరమా, వాల్తేరా, అనంతపురమా యని ఆంధ్రులు తమలో తాము పోరిరి. రాయలసీమ కళాశాలలు కొలది యేండ్లకే తిరిగి మద్రాసు విశ్వవిద్యాలయముతో చేరెను. 1937 నవంబరు 16వ తేదీని శ్రీబాగు ఒడంబడిక కుదిరిననాడు, వాల్తేరుతోపాటు అనంతపురమునను విశ్వవిద్యాలయ కేంద్ర ముండవలయునని పెద్దలు వ్రాసికొనవలసివచ్చెను. ఒక విద్యాసంస్థ యెచ్చట నుండవలెనను ప్రశ్న జాతి యైక్యమునే కదలించినది. నేటికిని ఆ ప్రసక్తి వచ్చినపుడు ఎవరి తాతగారు చెప్పిన కథ వారికి ప్రమాణము. నాటి సెనేటు చర్చల పుటలే యిట్టి తగవునకు సాక్షులు.

కావున “తీర్మానింపబడెను” అను నొక్కమాట చాలదు. కారణములు వ్రాయని తీర్పు పైకోర్టులో నిలువదు. వేలకొలది విద్యార్థుల బ్రతుకులు మార్చు తీర్మానమునకు మాత్రము కారణములేల అక్కరలేదు? కార్యక్రమ పట్టిక, ముందుంచిన నివేదికలు, హాజరైనవారి పేర్లు, సవరణలు, అసమ్మతి వ్రాతలు, ఇవన్నియు శాశ్వతముగా నుండవలయును.

మా వృత్తిలో నెఱిగిన దొకటి. ఒక విశ్వవిద్యాలయమున, పేరు చెప్పము, ముప్పదియేండ్లు కొలువు చేసిన యుద్యోగి పింఛనుకై తన్ను ఖాయపఱచిన తీర్మానపు నకలు కోరెను. ఆ యేటి పుస్తకము చెదలు తినెనని జవాబు వచ్చెను. ముందటి యేటిదియు, తరువాతి యేటిదియు బీరువాలో చెక్కుచెదరకయున్నవి. ఆ చెదపురుగుల కెంత వివేకము!

చట్టము లేకపోలేదు. రికార్డులను పట్టికలతో, సూచికలతో భద్రపఱచుట ప్రతి ప్రభుత్వసంస్థకును విధియని 2005 నాటి సమాచారహక్కు చట్టపు నాలుగవ సెక్షను చెప్పుచున్నది. 1993 నాటి పబ్లికు రికార్డుల చట్టము అక్రమముగా రికార్డులను నాశనము చేసినవారికి అయిదేండ్ల వఱకు కారాగారము విధించుచున్నది. కాని యిది కేంద్రప్రభుత్వమునకును, దాని సంస్థలకును చెందినది. రాష్ట్ర విశ్వవిద్యాలయములు తమ నిబంధనలు తామే గట్టిగా వ్రాసికొనవలయును.

అన్నియు వ్రాసినచో సభ్యులు నోరు విప్పరని యొక యాక్షేపణ కలదు. ఉద్యోగుల శిక్షలు, పరీక్షల రహస్యములు కొంతకాలము మూసియుంచుడు. మూయుట వేఱు, కాల్చుట వేఱు. మఱికొందఱు కంప్యూటరులో నున్నది గదా యందురు. యంత్రము మాఱినపుడు, దాని తాళపుమాట యెఱిగిన గుమాస్తా బదిలీయైనపుడు ఆ నకలును తెఱచువా రెవరు? సంతకములు గల కాగితపు ప్రతి బైండు చేయించి, ఒకటి రిజిస్ట్రారు కార్యాలయమునను, ఒకటి గ్రంథాలయమునను, మఱియొకటి రాష్ట్ర పురాలేఖన భాండాగారమునను ఉంచవలయును. ఖర్చు స్వల్పము. స్నాతకోత్సవపు పందిళ్ల కగునంత కాదు.

రాబోవు పాలకమండలి సమావేశముననే సభ్యు డొకడైన నీ ప్రతిపాదన తేవలెనని కోరుచున్నాము. వలదనువా రుండినచో వారి పేర్లును మినిట్సులో వ్రాయింపుడు.