దాహానికి శిక్షణ లేదు

టెక్సస్ రాష్ట్రంలో స్థిరపడిన మా బంధువు ఒకరు ఇటీవల నాకొక ఉత్తేజకరమైన కథను పంపారు. వారి మనుమడు అక్కడి పాఠశాలలో అమెరికన్ ఫుట్‌బాల్ ఆడుతున్నాడు. 1954లో ఒక కోచ్ తన కళాశాల జట్టును మండుటెండలోకి తీసుకొనిపోయి, పది రోజులపాటు సాధనవేళ చుక్క నీరివ్వకుండా శిక్షణ ఇచ్చి ఉక్కు మనుషులను చేశాడట; రెండేళ్లలో ఆ జట్టే విజేత అయిందట. ‘మన పిల్లలకూ ఇటువంటి గురువులు కావాలి’ అని చివర ఒక వాక్యం. పాఠకులారా, ఆ కథ జరిగినదే. దాని నుండి పిండిన నీతి మాత్రం అబద్ధం. అది ప్రాణాలు తీసే అబద్ధం గనుకనే ఈ వ్యాసం వ్రాయవలసి వచ్చింది.

ఆ కోచ్ పాల్ ‘బేర్’ బ్రయంట్. కళాశాల టెక్సస్ ఏ అండ్ ఎం. ఆనాటికది పురుషులు మాత్రమే చదివే, సైనిక క్రమశిక్షణ గల విద్యాసంస్థ. ఆ సెప్టెంబరు ఆరంభంలో ఆయన జట్టును జంక్షన్ అనే చిన్న ఊరికి బస్సులలో తరలించారు. టెక్సస్ అప్పటికి కొన్నేళ్లుగా కరవులో ఉన్నది. మైదానమంతా రాళ్లూ ముళ్లూ. ఉష్ణోగ్రత 38 డిగ్రీలు దాటుతున్నది. ఈ ఆట చూడనివారికి ఒక మాట చెప్పాలి: తలకు హెల్మెట్, భుజాలకూ తొడలకూ మందపాటి మెత్తలు, వాటిపై బట్టలు. ఒంటి వేడి బయటకు పోవడానికి దారి ఉండదు. ఆ వేషంలో తెల్లవారకముందే సాధన మొదలు. సాధన సాగినంతసేపూ నీరు నిషిద్ధం. అడగడం పిరికితనం కింద లెక్క. భరించలేనివారు రాత్రివేళ సామాను సర్దుకొని వెళ్లిపోయారు. రెండు బస్సులలో వెళ్లిన జట్టు ఒక్క బస్సులో తిరిగివచ్చిందని ఆ దేశంలో ప్రసిద్ధి. చివరకు మిగిలినవారు సుమారు 35 మంది. ఒక ఆటగాడు వడదెబ్బతో కుప్పకూలి చావు అంచుదాకా వెళ్లి బతికాడు.

ఇంత తపస్సు చేసిన జట్టు ఆ యేడు ఏమి సాధించింది? కథ పంపేవారు ఈ అధ్యాయాన్ని ఎందుకనో దాటవేస్తారు. మొదటి ఆటలోనే టెక్సస్ టెక్ చేతిలో 41–9 తేడాతో ఓటమి. మొత్తం పది ఆటలలో గెలిచినది ఒకే ఒక్కటి, జార్జియాపై 6–0తో. తొమ్మిది ఓటములు. అంతకు ముందు యేడు, ఏ జంక్షనూ లేకుండా, అదే కళాశాల నాలుగు ఆటలు గెలిచింది. బ్రయంట్ సుదీర్ఘ జీవితంలో గెలుపులకన్నా ఓటములు ఎక్కువైన సీజన్ అదొక్కటే. కొన్ని ఆటలు స్వల్ప తేడాతోనే పోయాయన్నది నిజమే, టీసీయూతో 21–20. కానీ ఆఖరి నిమిషాలలో ఆట నిలబెట్టుకొనే సత్తువ కోసమే కదా జంక్షన్ అన్నారు?

‘1956లో ఒక్క ఓటమి లేకుండా తొమ్మిది గెలిచి, ఒకటి సమం చేసుకొని, సౌత్‌వెస్ట్ కాన్ఫరెన్స్ విజేతలయ్యారు కదా’ అని వెంటనే అడుగుతారు. అయ్యారు. జంక్షన్‌లో నిలిచిన జాక్ పార్డీ, జీన్ స్టాలింగ్స్ వంటివారు ఆ జట్టులో ఉన్నమాట కూడా నిజమే. అయితే దానిలో మేటి ఆటగాడైన జాన్ డేవిడ్ క్రో, 1957లో హైస్మన్ పురస్కారం పొందినవాడు, జంక్షన్‌కు వెళ్లనే లేదు. 1954లో అతడు కళాశాలలో అప్పుడే చేరిన కుర్రవాడు. మొదటి సంవత్సరం వారికి ఆ శిబిరంతో సంబంధం లేదు. విజయానికి నీటి నిషేధమే కారణమైతే, జంక్షన్‌కు వెళ్లని క్రో లెక్కకు ఎలా అందుతాడు? బ్రయంట్ గొప్ప కోచ్, ఆటగాళ్లను ఎంచుకోవడంలో, వ్యూహంలో దిట్ట. ఆ ప్రతిభకు చెందవలసిన కీర్తిని దాహానికి కట్టబెట్టడమే నా అభ్యంతరం. మరొక మాట. రాత్రివేళ వెళ్లిపోయినవారి కథ ఎవరు చెప్పారు? వైద్యంలో మేము బతికిన రోగులను మాత్రమే లెక్కించి మందు గుణం తేల్చము.

ఇప్పుడు దేహం సంగతి. కఠిన వ్యాయామంలో గంటకు లీటరు, ఒక్కొక్కరికి రెండు లీటర్ల దాకా చెమట పోతుంది. ఆ నీరు రక్తంలో నుండే వస్తుంది. రక్తం పరిమాణం తగ్గితే గుండె వేగం పెంచుతుంది. చర్మానికి చేరే రక్తం తగ్గి, వేడి లోపలే నిలిచిపోతుంది. శరీరాంతర ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటిన తరువాత మెదడు తడబడుతుంది, కండరాలు కరుగుతాయి, ఆ కరిగిన పదార్థం మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. దేహం ఎండకు అలవాటు పడగలదు, క్రమంగా పది పధ్నాలుగు రోజులలో. కానీ అలవాటు పడిన దేహం ఇంకా త్వరగా, ఇంకా ఎక్కువగా చెమటోడుస్తుంది. అంటే దానికి కావలసిన నీరు పెరుగుతుంది, తగ్గదు. దాహానికి అభ్యాసం లేదు.

‘ఆ కాలంలో ఈ సంగతులు ఎవరికి తెలుసు’ అన్న సమర్థన కూడా చెల్లదు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సైన్యం కోసం ఎడ్వర్డ్ అడాల్ఫ్ అనే శరీరధర్మ శాస్త్రవేత్త తన బృందంతో కాలిఫోర్నియా ఎడారిలో సైనికులపై పరిశోధనలు చేసి, 1947లో గ్రంథంగా ప్రకటించారు. నీరు లేకుండా పనిచేయడానికి మనిషికి శిక్షణ ఇవ్వలేమని, తాగినవాడే ఎక్కువసేపు నడవగలడని అందులో తేల్చారు. జంక్షన్ అటుపిమ్మట ఏడేళ్లకు. తెలియకపోవడం వేరు, తెలిసినవారిని అడగకపోవడం వేరు. మా చిన్ననాటి డ్రిల్లు మాస్టారు కూడా పరుగు మధ్యలో నీళ్లు తాగితే కడుపులో పోటు వస్తుందని కుండ మీద మూత తీయనిచ్చేవారు కాదు. ఆయన మంచివారు. ఆయన మాట తప్పు.

1965లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో ఒక సహాయ కోచ్, ఆట జరుగుతున్నంతసేపూ తన ఆటగాళ్లకు మూత్రం ఎందుకు రావడం లేదని మూత్రపిండాల వైద్యుడు రాబర్ట్ కేడ్‌ను అడిగాడు. ఆ ప్రశ్న నుండే ఉప్పూ చక్కెరా కలిపిన గేటరేడ్ పుట్టింది. ప్రశ్న అడగడానికి పౌరుషం అడ్డురాని కోచ్ ఆయన. అయినా జంక్షన్ కథ చావలేదు. 2002లో సినిమా కూడా తీశారు. 2018లో మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో 19 ఏళ్ల ఫుట్‌బాల్ ఆటగాడు సాధనలో వడదెబ్బ తగిలి, రెండు వారాలకు మరణించాడు. అతడిని మంచునీటి తొట్టిలో ముంచలేదు. అర్ధగంటలోపు ముంచి వేడి దింపితే బతికే అవకాశం ఎంతో ఎక్కువ. చర్మం చెమటతో తడిగా ఉన్నంత మాత్రాన ప్రమాదం లేదనుకోరాదు. ఆటలో తగిలే వడదెబ్బలో చెమట పట్టే ఉంటుంది. మాట తడబడినా, నడక తూలినా, ఉన్నట్టుండి కోపం వచ్చినా అది మెదడు పంపుతున్న కబురు. ముందు చల్లబరచాలి, తరువాతే ఆసుపత్రికి తరలించాలి.

మా బంధువుకు నేను వ్రాసిన జవాబు చిన్నది. ఆగస్టులో మనుమడి సాధన మొదలయ్యేముందు ఒకసారి మైదానానికి వెళ్లి, మంచునీటి తొట్టి ఎక్కడ ఉన్నదో చూపమని కోచ్‌ను అడగమన్నాను. చూపలేకపోతే పిల్లవాడిని ఆ రోజే ఇంటికి తీసుకొని రమ్మన్నాను.