ఆసుపత్రుల్లో దాడులు ఆగాలంటే: వైద్య ఆరోగ్య శాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

వైద్యులపై దాడికి మూడేళ్ల వరకు జైలు, 50 వేల రూపాయల వరకు జరిమానా విధించే చట్టం ఉమ్మడి రాష్ట్రంలో 2008లోనే వచ్చింది. శిక్ష అవసరమే గానీ, కోపం పుట్టే చోటును అది మార్చలేదు.

జగిత్యాల, కోరుట్ల ప్రాంతాల్లో ఎన్నో ఇళ్లు గల్ఫ్ సంపాదన మీద నడుస్తాయి. ఐసీయూ బయట ముసలి తల్లి ఒక్కతే ఉంటే, ఆపరేషన్‌కు ఒప్పుకోవాలో వద్దో దుబాయిలోని కొడుకు ఫోన్‌లో తేల్చాలి. సిరిసిల్ల మరమగ్గాల కార్మికుడు ఆసుపత్రిలో ఉన్న రోజు కూలి పోతుంది. అప్పుల భారానికి, ఏం జరుగుతోందో తెలియని భయం తోడైతే అనుమానం పెరిగి డాక్టర్‌పై దాడిగా మారుతుంది.

జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. వాటి అనుబంధ ఆసుపత్రుల్లో, కోరుట్ల ఆసుపత్రిలో రాత్రింబవళ్లు కౌన్సెలర్లు ఉండాలి. వారు రోగి పరిస్థితిని బంధువులకు పూటపూటకూ వివరించాలి. ఈ నియామకాలను వెంటనే చేపట్టాలని వినతి.