కొరత ఏడాదికి ముందే కుదరవలసిన లెక్క: వంశధార శివారు ఆయకట్టు

వంశధార జలవివాదాల ట్రైబ్యునల్ 2017 సెప్టెంబరులో తీర్పు వెలువరించింది. 75 శాతం విశ్వసనీయతతో లభ్యమయ్యే 115 టీఎంసీలను ఆంధ్రప్రదేశ్, ఒడిశాలు చెరి 57.5 టీఎంసీల చొప్పున పంచుకోవాలన్నది దాని సారాంశం. రెండు రాష్ట్రాల నడుమ లెక్క అలా తేలింది. శ్రీకాకుళం జిల్లాలో గొట్టా బ్యారేజీ కాలువల కింద ఎగువ, శివారు రైతుల నడుమ లెక్కను మాత్రం ఆ తీర్పు తేల్చదు.

75 శాతం విశ్వసనీయత అంటే సగటున నాలుగేళ్లలో మూడేళ్లు ఆ పరిమాణం లభిస్తుందని అర్థం. నాలుగో ఏడాది ఏ సూత్రం వర్తించాలన్నదే అసలు ప్రశ్న.

ఉదాహరణకు, ఒక కాలువ కింద ఎగువ, మధ్య, శివారు గ్రామాల అవసరం వరుసగా 300, 200, 100 పాళ్లనీ, అందిన నీరు 300 పాళ్లేననీ అనుకుందాం. సమంగా పంచితే తలా 100 పాళ్లు వస్తాయి. అవసరాల నిష్పత్తిలో పంచితే 150, 100, 50. లోటును సమంగా పంచితే 200, 100, 0. మూడింటినీ న్యాయమనే వాదించవచ్చు. శివారు గ్రామానికి మాత్రం వాటి మధ్య తేడా నిండు పంటకూ బీడుకూ ఉన్నంత. ఏ సూత్రమూ లేనప్పుడు ఎగువ తూములే 300 పాళ్లనూ తీసుకుంటాయి. మిగిలిన రెండు గ్రామాలకూ సున్నా. ఎవరూ అంగీకరించకపోయినా అమలయ్యే నాలుగో సూత్రమది.

వీటిలో నిష్పత్తి సూత్రమే ఆచరణకు అనువైనది. అయితే అవసరాన్ని వేసిన పంటను బట్టి కాక, ఆయకట్టు విస్తీర్ణాన్ని బట్టి లెక్కించాలి. లేకుంటే ఎక్కువ నీరు కోరే పంట వేసినవారి వాటా పెరిగి, పొదుపు చేసినవారి వాటా తరుగుతుంది. వాయవ్య భారతంలోని వారాబందీ పద్ధతిలో విస్తీర్ణాన్ని బట్టే నీటి గంటలు నిర్ణయమవుతాయి. కాలువ నిండేందుకు పట్టే సమయాన్నీ లెక్కలోకి తీసుకుంటారు. దారిలో ఇంకిపోయే నీటి నష్టాన్ని కూడా శివారు రైతు ఒక్కడిపైనే మోపక, ఆయకట్టు అంతటికీ పంచడం ధర్మం.

1997 నాటి చట్టం నీటి వినియోగదారుల సంఘాలకు ఈ నిర్ణయానికి తగిన వేదికను కల్పించింది. విస్తరణ శాస్త్రవేత్తలు ఖరీఫ్‌కు ముందే ఆయా గ్రామాల విస్తీర్ణాలతో పై నాలుగు లెక్కలనూ వేసి రైతుల ముందుంచాలి. నీరు వదిలాక ఎగువ రైతును ఒప్పించడం ఎవరి తరమూ కాదు.