గ్రంథంలో గెలిచి, గ్రామంలో ఓడిన సిద్ధాంతం

విఫల రాజ్యాలను చక్కదిద్దడం ఎలాగన్న ప్రశ్నపై దశాబ్దాలపాటు అధ్యయనం చేసిన పండితుడికే అటువంటి రాజ్యం పగ్గాలు అందితే ఏమవుతుంది? అఫ్ఘానిస్థాన్ మాజీ అధ్యక్షుడు అష్రఫ్ ఘనీ జీవితమే ఇందుకు సమాధానం. క్లేర్ లాక్‌హార్ట్‌తో కలిసి ఆయన రచించిన 'ఫిక్సింగ్ ఫెయిల్డ్ స్టేట్స్' గ్రంథం 2008లో వెలువడింది. పదమూడేళ్ల అనంతరం, 2021 ఆగస్టు 15న, తాలిబన్లు కాబూల్ ముంగిట నిలవగా ఆయన దేశం విడిచి వెళ్లారు. దీనిని ఒక వ్యక్తి పిరికితనంగా కొట్టిపారేయడం సులభమే. కానీ ఇందులోని గుణపాఠం అంతకంటే లోతైనది.

ఘనీకి తన దేశ సమాజం తెలియదనడానికి వీల్లేదు. కొలంబియా విశ్వవిద్యాలయంలో మానవశాస్త్రంలో డాక్టరేట్ పొంది, జాన్స్ హాప్కిన్స్‌లో బోధించి, 1991లో ప్రపంచ బ్యాంకులో చేరారు. 2002లో స్వదేశంలో ఆర్థిక మంత్రి అయ్యారు. ఆ ఏడాది అక్టోబరులో వెయ్యి పాత అఫ్ఘానీలకు ఒక కొత్త అఫ్ఘానీ చొప్పున కరెన్సీ మార్పిడి ప్రారంభమైంది. బ్యాంకుల వ్యవస్థ కుప్పకూలిన ఆ దేశంలో హవాలా వ్యాపారుల తోడ్పాటుతోనే ఆ బృహత్కార్యం నెరవేరింది. చట్టం గుర్తించని వ్యవస్థే రాజ్యానికి అక్కరకు వచ్చిందన్నమాట.

అటువంటి వ్యవస్థలు అక్కడి పల్లెల్లో కొల్లలు. తగవులు తీర్చే జిర్గా మన రచ్చబండ పంచాయితీని తలపిస్తుంది. కాలువ నీటిని వంతుల వారీగా పంచే మీరాబ్, మన చెరువుల కింద పనిచేసిన నీరటి వంటివాడే. గ్రామం తరఫున అధికారులతో మాట్లాడే మలిక్ సరేసరి. ఈ పల్లెల్లో స్వయంగా తిరిగి పరిశోధించిన అమెరికన్ ఆచార్యురాలు జెన్నిఫర్ ముర్తజాష్విలీ 2016లో ప్రచురించిన గ్రంథంలో ఒక కీలకాంశాన్ని వెల్లడించారు. మలిక్, పెద్దల సభ, ముల్లా ఒకరినొకరు అదుపులో ఉంచుకోవడం వల్లనే గ్రామంలో అధికారం ఒకరి చేతిలో పోగుపడలేదన్నది ఆమె నిర్ధారణ.

2003లో ప్రారంభమైన జాతీయ సంఘీభావ కార్యక్రమం ద్వారా గ్రామాలకు నేరుగా నిధులు అందించారు. ఘనీ దీనికి ప్రధాన రూపకర్తల్లో ఒకరు. బావులు, విద్యుత్తు వంటి సదుపాయాలు కొంత మెరుగయ్యాయి. కానీ అందుకోసం ఎన్నికైన కొత్త మండళ్లు పాత పెద్దల పక్కనే పోటీగా వెలిశాయి. ఎవరి అధికారం ఎంతవరకో స్పష్టం కాలేదు. పాత కట్టుబాటును ఇది బలహీనపరచిందన్నది ముర్తజాష్విలీ విమర్శ.

అసలు లోపం పైస్థాయిలో ఉంది. 2004 రాజ్యాంగం అధికారాన్ని కాబూల్‌లో కేంద్రీకరించింది. రాష్ట్ర గవర్నర్లను అధ్యక్షుడే నియమించేవాడు. రాజ్యాంగం హామీ ఇచ్చిన జిల్లా మండళ్ల ఎన్నికలు ఒక్కసారి కూడా జరగలేదు. ప్రభుత్వ వ్యయంలో సుమారు 75 శాతం విదేశీ సాయమే కావడంతో పాలకులు పల్లెలకంటే దాతలకే జవాబుదారీ అయ్యారు. 2014లో అధ్యక్షుడైన ఘనీ ఈ చట్రాన్ని సడలించకపోగా మరింత బిగించారు.

పతనానికి ఇదొక్కటే కారణమనడం న్యాయం కాదు. 2020 ఫిబ్రవరి 29న దోహాలో కాబూల్ ప్రభుత్వాన్ని పక్కనబెట్టి అమెరికా తాలిబన్లతో ఒప్పందం కుదుర్చుకుంది. అవినీతి, పాకిస్థాన్‌లో తాలిబన్లకు లభించిన ఆశ్రయం కూడా తెలిసినవే. అయినా 2021లో అనేక జిల్లాల్లో లొంగుబాట్లకు మధ్యవర్తులుగా నిలిచింది గ్రామ పెద్దలేనన్నది గమనార్హం. తమకు చోటివ్వని రాజ్యం కోసం తమ బిడ్డలు ప్రాణాలు ఒడ్డనక్కరలేదని వారు తలచి ఉంటే ఆశ్చర్యమేమీ లేదు.

అలాగని ఆచార వ్యవస్థలన్నింటినీ నెత్తికెత్తుకోనక్కరలేదు. జిర్గాలో స్త్రీలకు చోటు అరుదు. హత్యా వైరాన్ని చల్లార్చేందుకు బాలికను ఎదుటి కుటుంబానికి అప్పగించే దురాచారం కూడా ఆ కట్టుబాటులోనిదే. స్థానిక వ్యవస్థను తుడిచిపెట్టకుండా, దాని అన్యాయాన్ని చట్టంతో సరిదిద్దగలిగేదే సమర్థ రాజ్యం.

మనకూ ఇందులో పాఠముంది. భారత్ నిర్మించిన జరంజ్-దెలారాం రహదారి, 2015లో అందించిన పార్లమెంటు భవనం, 2016లో ప్రారంభించిన సల్మా ఆనకట్ట చెక్కుచెదరలేదు. చెదిరిపోయింది వాటిని అందుకున్న ప్రభుత్వం. 2021 ఆగస్టు 6న తాలిబన్ల వశమైన మొట్టమొదటి రాష్ట్ర రాజధాని ఆ రహదారి మొదట ఉన్న జరంజే. 2025 అక్టోబరులో భారత్ కాబూల్‌లోని తన సాంకేతిక బృందానికి తిరిగి రాయబార కార్యాలయ హోదా కల్పించింది. బాలికలకు ఆరో తరగతి తరువాత చదువు నిరాకరిస్తున్న తాలిబన్లు కూడా పల్లె మాట వినకుండా కేంద్రీకృత పాలననే నమ్ముకున్నారు. అందువల్ల మన సాయం పాలకుల గడప దగ్గరే ఆగిపోకుండా ప్రజల దాకా చేరాలి. కాబూల్‌లో పాలకులు ఎందరో మారారు. ఆ పల్లెలు మాత్రం అక్కడే ఉన్నాయి.