ఒక రక్తబిందువు, రెండు తీర్పులు

భద్రాచల మన్యమున కోయగూడెముల బిడ్డలను పీడించు సికిల్‌సెల్ రక్తహీనతను 2047 నాటికి నిర్మూలింతుమని కేంద్రప్రభుత్వము 2023 జూలై 1న షహడోల్‌లో సంకల్పించినది. శ్లాఘ్యమే, కాని ఆ సంకల్పమంతయు పరీక్షాఫలము మీదనే గదా నిలుచునది! బీటా గ్లోబిన్ జన్యువులో ఒక్క యక్షరము మారుటయే వ్యాధికి మూలము గాన, డీఎన్ఏ పరీక్ష ఏ ప్రయోగశాలలో జరిగినను ఒకే మాట చెప్పవలెను. కాని గూడెములలో మొదట చేయు సాల్యుబిలిటీ పరీక్ష రోగికిని, మారిన జన్యువు ఒక్కటే గల వాహకునికిని గల భేదమును తెలుపజాలదు. ఇటీవల రక్తమెక్కించుకొన్న బిడ్డ విషయమున హిమోగ్లోబిన్ రకములను వేరుచేసి చూపు హెచ్‌పీఎల్‌సీ యంత్రము సయితము భ్రమపడవచ్చును. ఖమ్మమున వాహకుడన్నవానిని హైదరాబాదున రోగి యన్నచో, పెండ్లిసంబంధము చూచుకొను కుటుంబము ఎవరిని నమ్మును? ప్రయోగశాలలకు నాణ్యతను ధ్రువీకరించు ఎన్‌ఏబీఎల్ గుర్తింపు మన దేశమున స్వచ్ఛందమే. అది చాలదని నా యభిప్రాయము. మన్యపు నమూనాలను పరీక్షించు ప్రతి ప్రయోగశాలకును ఒకే రక్తమును గుప్తముగా పంపి, ఫలితములను పోల్చి, ప్రజలకు ప్రకటించు పద్ధతిని ప్రభుత్వము తప్పనిసరి చేయవలెను.